బుట్ట కొలత

మా ఆసుపత్రిలో గోడ గడియారం
ఆగిపోయి మూడు హర్మత్తాన్లు దాటింది.
ఎడారి దుమ్ము ముళ్ల సందుల్లో గూడు కట్టుకుంది.
టైమెంతయిందని ఎవరైనా అడిగితే
ఫైళ్ల కిటికీలోంచి తొంగి చూసి
లమీసి అవ్వ చేతిలో బుట్ట ఎంతవరకొచ్చిందో చెబుతాను.

తెల్లారి నాలుగింటికే వస్తుంది, చంకలో ఏనుగు గడ్డి కట్టతో.
పోచని పంటితో చీల్చి, తొడమీద పేని,
చీటీ అందేసరికి అడుగు అల్లేస్తుంది.
బీపీ చూసేసరికి బుట్టకి పొట్ట వస్తుంది.
డాక్టర్ అకురిగో తలుపు తెరుచుకునేసరికి అంచు,
మందుల కిటికీ దగ్గర పిడి.
నెలకో చీటీ, చీటీకో బుట్ట.
అది అమ్మితే రానూపోనూ మూడు చక్రాల బండి కిరాయి.
"రోగమూ మీ దగ్గరే, పనీ మీ దగ్గరే" అని నవ్వుతుంది
కోలా గింజ నమిలిన ఎర్రటి పళ్లతో.

నా పని చిన్నది. పేరు, ఊరు, పడక నంబరు.
నంబరు రాయకపోతే కంప్యూటరు మనిషిని లోపలికి రానివ్వదు.
పడకలు నూట ఇరవై.
అవి నిండాక బెంచీలకి నంబర్లిచ్చాను.
మెట్ల కింద చీపుళ్లు పెట్టే చోటుకిచ్చాను.
ఆ తర్వాత బయట వేపచెట్టు నీడకి,
నూట నలభై ఒకటి నుంచి నూట నలభై ఆరు దాకా.
నీడ జరిగినప్పుడల్లా
బంధువులు చాపలు జరుపుకునేవారు.

నూట నలభై నాలుగు: అజూమా, తొమ్మిదేళ్లు, పాము కాటు.
మందు ఉంది. ఫ్రిజ్‌లో, చల్లగా, గడువు దాటకుండా.
ఎక్కించి పక్కన కూర్చునే మనిషే లేదు.
ఆ మధ్యాహ్నం రెండు వార్డులకి ఒక్కతే నర్సు.
మిగతా ఇద్దరి పేర్లు డ్యూటీ చార్టు మీదున్నాయి,
వాళ్లు లీడ్స్‌లో ఉన్నారు.
ఆమె చెట్టు దాకా వచ్చేసరికి
నీడ జరిగిపోయింది.
చాప ఎవరూ జరపలేదు.

ఆ నంబరు మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు.

తప్పు ఎవరిదో రాసే గడి నా ఫారంలో లేదు.
నిద్రపట్టక లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
ఒక వారం ఫైళ్లు, మూడొందల పన్నెండు,
నేలమీద పేర్చి చూస్తే
నూట తొంభై మందికి కావలసింది
డాక్టరు కాదు, పడక కాదు:
చేతికో పట్టీ, ఒక అంకె, నెలకి సరిపడా మాత్రలు.

మీటింగులో పెద్దలు కొత్త భవనం గురించి మాట్లాడారు.
భవనం అక్రాలో ఉంది, ఫైలు రూపంలో, క్షేమంగా.
మేట్రన్ అయింబిలా నా కాగితం రెండుసార్లు చదివి
"మడత బల్ల ఎక్కడైనా దొరుకుతుందా?" అంది.

మూడు రోజులకోసారి సంత.
గినీ కోళ్ల గంపలకీ షియా వెన్న ముద్దలకీ మధ్య
బల్ల, బీపీ పట్టీ, మాత్రల పెట్టె, నేను.
మొదటి సంతకి ఏడుగురొచ్చారు,
అందులో ఇద్దరు కోళ్ల ధర అడగడానికి.
రెండో సంతకి సుడిగాలి లేచి
నలభై ఫైళ్లు వెన్న ముద్దల మీద వాలాయి.
ఇప్పటికీ కొందరి చరిత్ర జిడ్డుగానే ఉంది.
ఐదో సంతకి వరసకి తాడు కట్టాల్సొచ్చింది.

అటు ఆసుపత్రిలో బెంచీలు మళ్లీ బెంచీలయ్యాయి.
కొన్ని రోజులు. అన్ని రోజులూ కాదు.
వానలకి జ్వరాలు ముసిరినప్పుడు
వేపచెట్టు మళ్లీ వార్డయింది.
కానీ ఈసారి అక్కడికి
నర్సు నడిచి వెళ్లేంత తోవ ఉంది.

నిన్న సంతలో లమీసి అవ్వ వంతు.
పట్టీ చుట్టి, అంకె రాసి, మాత్రలు చేతిలో పెట్టేసరికి
బుట్ట ఇంకా అడుగు దగ్గరే ఉంది,
పోచలు నలువైపులా నిక్కబొడుచుకుని.
"అయిపోయిందా?" అంది, మోసపోయినట్టు.
"అయిపోయింది."
"మరి దీన్నేం చెయ్యను? బండి కిరాయి ఎవడిస్తాడు?"
"నడిచే వచ్చావు కదవ్వా."
కాసేపు నన్నే చూసి
బల్ల పక్కన కూలబడింది.
చీటీ లేదు, వంతు లేదు,
అల్లుకుంటూ కూర్చుంది.

ఎండ నడినెత్తికొచ్చాక ఎవరో టైమడిగారు.
అలవాటుగా ఆమె చేతులకేసి చూశాను.
చెప్పలేకపోయాను.